మా అవ్వ ఎవరి క్లయింట్?

ఇక్కడ ఇదివరకు పెద్దవాళ్ళు రాసినవన్నీ చదివాను. కులదైవం కథ, మనవాళ్ళు వలస వచ్చిన దారి, కంబు సంగటి, మన ఇళ్ళల్లో మాత్రమే మిగిలిన తెలుగు మాటలు, అన్నీ బాగున్నాయి. కానీ పండక్కి అందరూ కూడినప్పుడు మనం గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి ఒకటుంది. అదొక్కటే ఎవరూ రాయలేదు. ఊళ్ళో వదిలి వచ్చిన భూమి. దాన్ని చూసుకోమని ఎవరికి పవర్ ఇచ్చాము, ఆయన దాన్ని ఏం చేశాడు, ఆ కాగితాలు రాసిన వకీలు ఏం చేశాడు.

నేను పుట్టింది బెంగళూరులో, చదివింది కన్నడ మీడియంలో. తెలుగు రాయడం ఇరవై దాటాక నేర్చుకున్నాను. భాషలో తప్పులుంటే సర్దుకోండి. సంగతిలో తప్పుంటే మాత్రం ఊరుకోవద్దు, చెప్పండి.

తిరుచ్చులి దగ్గర మా అవ్వకు నాలుగున్నర ఎకరాలు ఉండేది. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమి. కరిసల్ నేల, వాన పడితేనే పంట. పత్తి, మిరప, ధనియాలు వేసేవాళ్ళట. 2009లో అవ్వను బెంగళూరుకి తెచ్చుకున్నాము. మరి భూమి? నాన్నకు వరసకు తమ్ముడయ్యే చిన్నాయన ఒకాయన ముందుకొచ్చారు. శిస్తు కట్టాలి, కౌలు వసూలు చెయ్యాలి, సీమ కరువేలం అల్లుకోకుండా కొట్టించాలి, పట్టా ఆఫీసుకి తిరగాలి. వీటన్నిటికీ పవర్ ఉంటే మంచిదన్నారు. దగ్గరి టౌనులో ఆయనకు తెలిసిన వకీలు పత్రం రాశారు, తమిళంలో. అవ్వకు ఏ భాషా చదవడం రాదు. వేలిముద్ర వేసింది. నాన్నకు తమిళం చదవడం వచ్చు. పక్కనే నిలబడ్డారు, చదవలేదు. మనవాడే కదా అనుకున్నారు.

అందులో శిస్తు, కౌలు, పట్టాతో పాటు అమ్మే అధికారం కూడా ఉంది. నాలుగో పేజీలో, ఒకే వాక్యంలో.

అవ్వ 2016లో పోయింది. 2019 జులైలో ఒక ఆదివారం ఏదో పని మీద టిఎన్‌రెజినెట్ తెరిచి, ఊరికే మా సర్వే నంబరు కొట్టి విల్లంగం చూశాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఊరికే కొట్టి చూడటమే నా పని. 2013లో ఒక క్రయం కనబడింది. అమ్మినది అవ్వ, ఆమె తరఫున పవర్ ఏజెంటు మా చిన్నాయన. కొన్నది చిన్నాయన బావమరిది. ధర గైడ్‌లైన్ విలువకి సరిగ్గా సరిపోయింది, పైన ఒక్క రూపాయి లేదు. అప్పటికి అవ్వ మా ఇంట్లోనే ఉంది, రోజూ మాతోనే అన్నం తింటోంది. ఆమెకు ఆ డబ్బు రాలేదు, ఆ మాటా రాలేదు. ఇంకా ఒకటి చెప్పాలి. 2014 పొంగల్‌కీ 2015 పొంగల్‌కీ చిన్నాయన వచ్చి అవ్వ చేతిలో కౌలు డబ్బు పెట్టి కాళ్ళకు దండం పెట్టారు. అమ్మేసిన భూమికి కౌలు!

కంచే చేను మేసినట్టు అంటారు మన తెలుగులో. కన్నడలో బేలియే ఎద్దు హొల మేయ్దంతె. తమిళంలో వేలియే పయిరై మేయ్న్దదు పోల. నేను బతికిన మూడు భాషల్లోనూ ఈ సామెత ఉంది. ఎంత పాత నేరమో చూడండి. కానీ మూడింట్లోనూ చేను ఉంది, కంచె ఉంది, ఆ కంచె కట్టిన మనిషి లేడు. నాకు వాడి గురించే రాయాలని ఉంది.

ఆ ఏడు దీపావళికి ఊరెళ్ళినప్పుడు ఆ వకీలు దగ్గరికి వెళ్ళాను. మర్యాదస్తులు. కాఫీ తెప్పించారు. పవర్ పత్రం రాసింది ఆయనే, క్రయపత్రం రాసింది ఆయనే, కొనే మనిషికి టైటిల్ బాగుందని అభిప్రాయం రాసిచ్చిందీ ఆయనే. నేను కోపంగా ఏమీ అనలేదు. "సార్, మా అవ్వకు ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉండొచ్చు కదా?" అని మాత్రం అడిగాను.

"మీ అవ్వ నా క్లయింట్ కాదమ్మా. ఏజెంటు చెప్పారు, నేను రాశాను."

"పవర్ రాసినప్పుడు?"

"అప్పుడూ ఆయనే తీసుకొచ్చారు."

ఆయనకు ఫీజు ఎవరి డబ్బులోంచి వెళ్ళింది? అవ్వ కౌలులోంచి. చిన్నాయన ఇచ్చిన చీటీలో ఆ ఖర్చు రాసి ఉంది, మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. డబ్బు అవ్వది, భూమి అవ్వది, వేలిముద్ర అవ్వది. వకీలు మాత్రం అవ్వ వకీలు కాదు.

చిన్నాయన విషయంలో చట్టానికి తడబాటు ఏమీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం చాలు. 213వ సెక్షన్: యజమాని అడిగినప్పుడు ఏజెంటు సరైన లెక్క చెప్పాలి. 215: అసలు సంగతులన్నీ యజమానికి చెప్పి ఒప్పుకోలు తీసుకోకుండా ఏజెంటు తన సొంతానికి వ్యవహారం చేసుకుంటే, ముఖ్యమైన విషయం మోసంగా దాచినా, ఆ వ్యవహారం యజమానికి నష్టమైనా, ఆమె దాన్ని తోసిపుచ్చవచ్చు. 216: అలా వచ్చిన లాభం యజమానిదే. 1882 నాటి ట్రస్టు చట్టం 88వ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. ఇంకొకరి మేలు కాపాడాల్సిన స్థానంలో ఉండి, ఆ స్థానం వాడుకుని డబ్బు లాభం పొందితే, ఆ లాభాన్ని ఆ ఇంకొకరి కోసమే పట్టుకుని ఉన్నట్టు లెక్క. అలాంటివాళ్ళ పేర్ల వరసలో ట్రస్టీ, ఏజెంటు, భాగస్తుడు, కంపెనీ డైరెక్టరుతో పాటు న్యాయ సలహాదారు అని కూడా రాసి ఉంది. నూట నలభై ఏళ్ళుగా రాసి ఉంది. మన వకీళ్ళు దాన్ని చదివే పరీక్ష పాసవుతారు.

అయితే 213లో "అడిగినప్పుడు" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మేము అడగలేదు. 2009 నుంచి 2016 వరకు ఏడేళ్ళు ఒక్కసారి కూడా అడగలేదు. చిన్నాయన ఇచ్చిన చీటీ తీసుకుని డబ్బాలో పెట్టాము. నేను అడుగుదామంటే నాన్న అన్నది నాకు గుర్తుంది: "సొంతవాళ్ళ దగ్గర లెక్క అడుగుతారా? మనకదేం మర్యాద?" అంగట్లో పది రూపాయల చిల్లర లెక్కపెట్టుకునే మనిషి మా నాన్న.

ఈ మర్యాద మీదే నాకు కోపం. లెక్క అడగటం అంటే అనుమానించడం అని మన ఇళ్ళల్లో ఎవరు నేర్పారో తెలియదు. నా ఉద్యోగంలో ఎవరు కోడ్ రాసినా నేను పరీక్ష చేస్తాను, మా మేనేజరు రాసినా సరే. ఆయన దొంగ అని కాదు. పరీక్ష చెయ్యకుండా "బాగుంది" అని సంతకం పెడితే ఆ సంతకానికి అర్థం లేదు కాబట్టి.

తిరుచ్చులి అనగానే మీకందరికీ గుర్తొచ్చేది రమణ మహర్షి పుట్టిన ఊరని. ఆయన నాన్న సుందరం అయ్యర్ ఏం పని చేసేవారో మీలో ఎంతమందికి తెలుసు? ఆ ఊళ్ళోనే ప్లీడరు. గుమాస్తాగా మొదలుపెట్టి, అర్జీలు రాసి, సర్టిఫికెట్ లేని ప్లీడరుగా మేజిస్ట్రేటు ముందు వాదించే అనుమతి తెచ్చుకున్నారు. 1892లో పోయారు. ఆ ఇల్లు ఇప్పుడు సుందర మందిరం, మనం వెళ్ళి దండం పెట్టుకుని వస్తాము. కొడుకు ఆస్తి అనేదే వద్దని అరుణాచలం వెళ్ళిపోయారు. అయినా అక్కడ ఆశ్రమం పెరిగాక, 1930ల్లో దాని నిర్వాహం ఎవరిది అని కోర్టులో దావా పడింది. నిర్వాహం తమ్ముడికి అప్పగించిన సంగతి మీద ప్రశ్నలొచ్చాయి. ఆయన కోర్టుకి వెళ్ళరు కాబట్టి కమిషన్ ఆశ్రమానికి వచ్చి అడిగింది, ఆయన కూర్చుని జవాబులు చెప్పారు. 1938లో విల్లు కూడా రాయించారు. కౌపీనం తప్ప ఏమీ లేని మనిషి అధికారం ఎవరికిచ్చారో అడిగితే చెప్పారు, కాగితం మీద పెట్టించారు. మా చిన్నాయనను అడిగితే మాత్రం పరువు పోతుంది.

సరే, వకీలు సంగతికి వస్తాను. నా కోపం ఎంతుందో అంత న్యాయంగా కూడా ఉండాలి కదా, ఎదుటి పక్షం మాట ముందు చెప్తాను.

హైదరాబాదులో విజయా బ్యాంక్ నారాయణగూడ శాఖలో ఇంటి లోన్ల మోసం జరిగింది. టైటిల్ బాగుందని అభిప్రాయం రాసిచ్చిన ప్యానెల్ వకీలు కె. నారాయణరావును కూడా సిబిఐ కుట్రలో చేర్చింది. 2012 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆయన్ను వదిలేసిన నిర్ణయమే సరైనదంది. అభిప్రాయం తప్పయినంత మాత్రాన వకీలు కుట్రదారుడు కాడు, మోసంలో చెయ్యి ఉందని సాక్ష్యం ఉండాలి, మరీ నిర్లక్ష్యం ఉంటే వృత్తి తప్పు కింద చూసుకోవచ్చు అంది. నాకు ఈ తీర్పు న్యాయంగానే కనిపిస్తుంది. నేను పట్టుకోలేకపోయిన బగ్ ఒకటి బయటికి వెళ్ళి ఎవరికో నష్టం వస్తే, దాన్ని పెట్టినవాడితో నేను కుమ్మక్కయ్యానని ఎవరైనా అంటే ఒప్పుకుంటానా?

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు కూడా ఇది పరిచయమే. ట్రస్టీకి పనిచేసే వకీలు ట్రస్టీకి వకీలా, ఆ ట్రస్టు ఎవరి కోసమో వాళ్ళకు కూడానా అన్నది అక్కడ పాత జగడం. 1994లో అమెరికన్ బార్ అసోసియేషన్ ఒక అభిప్రాయం ఇచ్చింది: క్లయింటు ట్రస్టీ అయినంత మాత్రాన వకీలు బాధ్యతలు మారవు, క్లయింటు గుట్టు కాపాడాల్సిందే. అందులోనూ సబబు ఉంది. ప్రతి వకీలూ తన క్లయింటు మీద నిఘా పెడితే ఎవరు నిజం చెప్తారు?

కానీ మా వకీలు చేసింది పట్టుకోలేకపోవడం కాదు. ఆయనకు మూడు కాగితాలూ తెలుసు. అమ్మేది పెద్దావిడ, కొనేది ఏజెంటు బావమరిది అని ఆయనకు తెలుసు, ఆయన చేత్తోనే రాశారు. బగ్ చూసి, ఫైలులో పెట్టి, పాస్ అని సంతకం పెట్టిన టెస్టరుకి నారాయణరావు తీర్పు అడ్డం రాదు. బార్ కౌన్సిల్ నియమాల్లో 33వది ఉంది: ఒక పక్షానికి పనిచేసిన వకీలు అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పనిచేయకూడదు. అమ్మే పక్షానికి పత్రం రాసి, కొనే పక్షానికి అభిప్రాయం రాసిన మనిషి ఈ నియమం ఎక్కడ నేర్చుకున్నారు? "అవ్వ నా క్లయింట్ కాదు" అనే జవాబు అక్కడే అవసరమైంది. అవ్వ క్లయింటు అయితే ఆయన తప్పు చేసినట్టు. కాబట్టి అవ్వ క్లయింటు కాకూడదు!

ఇంగ్లండులో ఈ జవాబు చెల్లని కేసు ఒకటుంది, వైట్ వర్సెస్ జోన్స్, 1995. ఒక ముసలాయన కూతుళ్ళ మీద కోపంతో విల్లు రాసి, తర్వాత కోపం తగ్గి, ఒక్కొక్కరికి 9,000 పౌండ్లు వచ్చేట్టు కొత్త విల్లు రాయమని సొలిసిటర్లకు చెప్పాడు. వాళ్ళు ఆలస్యం చేశారు, ఆయన పోయాడు. కూతుళ్ళు మా క్లయింట్లు కారు కదా అన్నారు సొలిసిటర్లు. హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు, ఆ డబ్బు కట్టించింది. ఎవరి కోసం ఆ కాగితం రాయిస్తున్నారో వాళ్ళ పట్ల కూడా బాధ్యత ఉందని తేల్చింది. అక్కడ సొలిసిటర్లకు వృత్తి ఇన్సూరెన్స్ తప్పనిసరి. అంటే తీర్పు వచ్చాక చేతికి డబ్బు వస్తుంది.

మన దగ్గర? మా గడువు కథ చెప్తాను. 2019 జులైలో మోసం తెలిసింది, పత్రం రద్దుకు దావా వెయ్యడానికి మూడేళ్ళు. నాన్న వద్దన్నారు, కుటుంబం కోర్టుకెక్కితే చెల్లెలి పెళ్ళికి ఇబ్బంది అన్నారు. తర్వాత కరోనా వచ్చింది. సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు రోజుల్ని గడువు లెక్కలోంచి తీసేసింది. ఆ దయతో కలిపినా 2024 నడిమికి మా టైమ్ అయిపోయింది. చిన్నాయన రాసి పెట్టిన ట్రస్టుకు ట్రస్టీ అయి ఉంటే గడువు చట్టం 10వ సెక్షన్ కింద ట్రస్టు ఆస్తి కోసం ఆయన మీద దావాకు గడువే ఉండదు. ఉత్త పవర్ ఏజెంటు కాబట్టి మూడేళ్ళకు తేలిపోయాడు. రెండూ నమ్మకమే, ఒకదానికి మాత్రం ఆయుష్షు మూడేళ్ళు.

అదే 2024, మే 14. వకీళ్ళు వినియోగదారుల చట్టం కిందికి రారని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, డి.కె. గాంధీ కేసు. డాక్టరు మీద వెళ్ళవచ్చు, వకీలు మీద కన్స్యూమర్ ఫోరానికి వెళ్ళకూడదు. కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి: వకీలు క్లయింటు చెప్పినట్టు నడుచుకోవాలి, క్లయింటుకు ఆయన మీద నేరుగా అదుపు ఉంటుంది, కాబట్టి ఇది సొంత సేవ ఒప్పందం. ఈ వాక్యం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వేలిముద్ర వేసిన మా అవ్వకు, ఒక్కసారి దూరం నుంచి చూసిన వకీలు మీద అదుపు!

బార్ కౌన్సిల్ ఉంది కదా అంటారు. ఉంది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు చెయ్యవచ్చు. ఏమవుతుందో మద్రాసు కేసే చూద్దాం, రంగదురై కేసు, సుప్రీంకోర్టు 1978 అక్టోబరు. చెవులు వినబడని ఒక పెద్దాయన, ఆయన భార్య, ప్రామిసరీ నోట్లు వసూలు చేసిపెట్టమని వకీలుకి ఇచ్చారు. దావాలు వేశానని నంబర్లు కూడా చెప్పాడు. వెయ్యలేదు. గడువు పోయింది. తమిళనాడు బార్ కౌన్సిల్ ఆరేళ్ళు సస్పెండ్ చేస్తే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని ఒక్క ఏడాదికి దించింది. సుప్రీంకోర్టులో కృష్ణయ్యర్ గారు ఇంకా మెత్తబడి, మిగిలిన కాలం పేదలకు ఉచిత న్యాయసహాయం చెయ్యమన్నారు. గొప్ప మనసే. కానీ ఆ శిక్షలో మళ్ళీ పేదవాళ్ళే ఆయన క్లయింట్లు అయ్యారు, గమనించారా? క్లయింటు ఆస్తిని తనే కొనుక్కున్న ఢిల్లీ వకీలు పి.డి. గుప్తాకి 1997లో ఒక ఏడాది సస్పెన్షన్. ఒక ఏడాది. మా కంపెనీలో డేటా దొంగిలిస్తే మళ్ళీ గేటు లోపలికి రానివ్వరు.

సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా ఇంకా తెరిచే ఉందని చెప్తారు. అవును, తెరిచే ఉంది. దానికి కూడా వకీలే కావాలి. ఆ టౌను బార్‌లో ఆ పెద్దమనిషి మీద వకాలత్ వేసేవాళ్ళు ఎవరు? నేను నలుగురిని అడిగాను. ఇద్దరు మా సీనియర్ అన్నారు, ఒకాయన ఫోను ఎత్తడం మానేశారు. నాలుగో ఆయన మధురై వెళ్ళమని నిజాయితీగా చెప్పారు.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. పవర్ పత్రం రాసే వకీలు మొదటి పేజీలోనే "నేను ఫలానా వారి తరఫున రాస్తున్నాను" అని రాయాలి, పవర్ ఇచ్చే మనిషి తరఫున అయి తీరాలి. ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించానని, ఏజెంటు గదిలో లేనప్పుడు వినిపించానని సంతకం పెట్టాలి. పవర్ మీద ఏ క్రయం రిజిస్టర్ అయినా అసలు యజమాని ఫోనుకి మెసేజ్ రావాలి. తమిళనాడులో ఏజెంటు పత్రం పెట్టేటప్పుడు యజమాని బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ అడుగుతారు, యజమాని పోతే పవర్ కూడా పోతుంది కాబట్టి. మంచిదే. బతికి ఉందా అని అడుగుతున్నారు, ఆమెకు తెలుసా అని మాత్రం అడగటం లేదు.

ఇంకో సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీని మీద నాకు ఫోన్లు వస్తాయని తెలుసు. మన కులసంఘాల సత్రాలు, కళ్యాణమండపాలు, గుడి నిధులు. కోవిల్‌పట్టి నుంచి రాజపాళయం దాకా ఎన్నో ఉన్నాయి, బెంగళూరులోనూ ఉన్నాయి. ప్రజా ధర్మట్రస్టు అయితే, అందులో ఆసక్తి ఉన్న ఇద్దరు మనుషులు కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద లెక్కలు అడగవచ్చు. ఇద్దరు చాలు. పోయిన ఏడాది జనరల్ బాడీలో లెక్కల కాగితం అడిగిన కుర్రవాడిని "వీడెవడి కొడుకు?" అని అడిగారు కదా, ఆ రోజు నేను వెనక వరుసలో కూర్చున్నాను, నోరు మెదపలేదు. అదీ నా తప్పే.

భూమి తిరిగి రాదు. చిన్నాయన ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనబడతారు, "ఏమ్మా, బాగున్నావా" అంటారు. బాగున్నాను చిన్నాయనా అంటాను.

మా అత్త పేర ఊళ్ళో ఇంటి స్థలం ఒకటి మిగిలింది. దాని మీద కూడా ఆయనకే 2009లో ఇచ్చిన పవర్ ఉంది. ఈ మార్చిలో అత్తను తీసుకుని మధురై వెళ్ళి ఒక వకీలమ్మ దగ్గర రద్దు పత్రం రాయించాము. నన్ను బయట కూర్చోమన్నారు. నాకు కొంచెం కష్టమనిపించింది, ఇదంతా నడిపింది నేనే కదా. పావుగంట తర్వాత అత్త బయటికి వచ్చి, "అంతా తెలుగులో చెప్పిందే ఆ పిల్ల, సాత్తూరు వాళ్ళట" అంది. ఫీజుకి అడగకుండానే రసీదు ఇచ్చారు. క్లయింటు పేరు దగ్గర అత్త పేరు రాసి ఉంది. డబ్బు కట్టింది నేను, నా పేరు ఎక్కడా లేదు.